శబ్దం పోయిన పదకొండు నిమిషాలు

మా దేశానికి సముద్రం లేదు.
నాలుగేళ్లు నేను సముద్రమే గీశాను.

కెచ్‌కెమేత్ ఊళ్లో, రెండో అంతస్తులో,
హీటరు రోజంతా దగ్గే గదిలో.
కెరటం ఎక్కడ విరుగుతుందో తెలియక
స్నానాల తొట్టిలో మోచేయి ముంచి చూశాను.
బలతోన్ సరస్సుకి పోయి
ఫిబ్రవరి మంచు పగిలే అంచున బోర్లా పడుకున్నాను.
సెకనుకి పన్నెండు కాగితాలు,
కాగితానికి ఏడు నీలాలు.
ఏడో నీలానికి డబ్బా మీద పేరుండదు.
బోర్బాలా చేతిలోని టీ ఒలికి పుట్టింది కనుక
దాన్ని బోర్బాలా అనే పిలిచేవాళ్లం.

కథ సంగతి అడక్కండి.
కథ రాసే గది మా కింద అంతస్తు.
మాకు గొంతులు వినపడేవి, తలుపులు వినపడేవి.
సోమవారం రాకుమారుడికి తల్లి ఉండేది,
సముద్రం అడుగున, నాచు మేడలో, చెరలో.
గురువారానికి ఆమె రాయిగా మారింది.
శుక్రవారం డబ్బు పెట్టేవాళ్లు బుడాపెష్ట్ నుంచి దిగి
తల్లి బరువు ఎక్కువైందన్నారు,
బదులుగా మాట్లాడే ఉడత కావాలన్నారు.
రాయి మాత్రం మిగిలింది.
దానికి మెరుపు పెట్టమన్నారు. పెట్టాను.

విడుదలైన రాత్రి పిరోష్కా అత్త నా పక్కనే కూర్చుంది,
ఒళ్లో ఆప్రికాట్ల సంచి, కళ్లలో నా సముద్రం.
దీపాలు వెలిగాక నా బుగ్గ నిమిరి
"బొమ్మలు దివ్యంగా ఉన్నాయే ఎమోకే.
ఆ పిల్లాడు నీళ్లలోకి ఎందుకు దూకాడు?" అంది.
రాయి కోసం అన్నాను.
"రాయెందుకు?"
నాలుగేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న.
నేను ఒక ఆప్రికాట్ తిన్నాను.

పైన పటారం, లోన లొటారం అని
పేపర్లవాళ్లు కాస్త మర్యాదగా రాశారు.
కథ కంచికి చేరలేదు,
వీధి మలుపు కూడా తిరగలేదు.

మూడో ఆదివారం మధ్యాహ్నం ఆట.
ఇరవై ముగ్గురం. లెక్కపెట్టాను.
రాకుమారుడు కొండ అంచుకి వచ్చి
ఏదో నీతి చెప్పబోయి నోరు తెరిచాడు,
ఆ నోట్లోంచి ఏమీ రాలేదు.
హాలంతటికీ మాట పడిపోయింది.
దెజో మెట్లెక్కాడు, దిగాడు, మళ్లీ ఎక్కాడు,
అతని బూట్ల చప్పుడు ఒక్కటే సినిమాకి సంగీతం.

పిల్లాడు దూకాడు.
నీలం తర్వాత నీలం తర్వాత నీలం.
ఎవరూ పాప్‌కార్న్ నమలలేదు.
ముందు వరసలో టోపీ తీయని ముసలాయన
పక్కనున్న మనవరాలి చెవిలో, తనకి చెవుడు కాబట్టి
హాలంతా వినేట్టు గుసగుసలాడాడు:
"వాళ్లమ్మ కోసం వెళ్తున్నాడు. చూడు, అదిగో ఆవిడ."

నా వెన్ను చల్లబడింది.
నాచు మేడలో కుడివైపు కిటికీ,
అందులో తలగుడ్డ కట్టుకున్న ఒక వంపు.
శుక్రవారానికి ముందు గీసింది.
చెరపమన్నారు.
రెండు వందల కాగితాలు, టైం లేదు,
పైన కాస్త బోర్బాలా పూసి వదిలేశాం.

మనవరాలు వేలు చాపింది.
వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు.
రాకుమారుడు రాయిని రెండు చేతులా పట్టుకున్నాడు,
నేను పెట్టిన మెరుపు అతని గడ్డం కింద వణికింది.
అది రాయని ఆ హాల్లో ఎవరూ అనుకోలేదు.

అప్పుడు దెజో తీగ దొరికించుకున్నాడు.
శబ్దం తిరిగొచ్చింది.
ఉడత తుమ్మి, జోకు వేసింది.
ఇరవై ముగ్గురం ఒకేసారి నిట్టూర్చాం,
నిద్రలో దుప్పటి లాగేసినట్టు.

బయట మంచు పడుతోంది.
టికెట్ల కిటికీ దగ్గర ముసలాయన దెజోతో వాదిస్తున్నాడు.
శబ్దం పోయినందుకు డబ్బు వెనక్కి ఇస్తానంటాడు దెజో.
"పోయినందుకు కాదయ్యా,
వచ్చినందుకు ఇవ్వు. సగం చాలు."

దెజో నా వంక చూశాడు.
నేను పర్సు తీశాను.